మొక్కల సారాల్లో ఎంజైమ్ నిరోధకాలను టీఎల్‌సీ ప్లేటుపై గుర్తించడం ఎలా?

ఒక ఆకునో, వేరునో మిథనాల్‌లో నానబెట్టి తీసిన సారంలో పదులు, కొన్నిసార్లు వందల సంఖ్యలో రసాయన పదార్థాలు కలిసి ఉంటాయి. ఆ సారాన్ని నేరుగా పరీక్షనాళికలో ఎంజైమ్‌తో కలిపితే ఎంజైమ్ పని తగ్గిందో లేదో తెలుస్తుంది గానీ, తగ్గించిన పదార్థం, అంటే నిరోధకం ఏదో తెలియదు. దాన్ని పట్టుకోవాలంటే సారాన్ని కాలమ్‌లో (సిలికా వంటిది నింపిన గొట్టంలో) విడదీసి, వచ్చిన ప్రతి భాగాన్నీ మళ్ళీ పరీక్షించాలి. టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ) ప్లేటు, అంటే సిలికా పలుచగా పూసిన పలక మీద పదార్థాలను ముందే విడదీసి, ఆ ప్లేటు మీదే ఎంజైమ్‌ను పనిచేయిస్తే ఈ శ్రమలో చాలా భాగం తప్పుతుంది, ఎందుకంటే నిరోధకం ఉన్నచోట మాత్రమే రంగు రాకుండా తెల్లమచ్చ నిలుస్తుంది. ఖరీదైన యంత్రాలు లేని డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో కూడా ఇది సాధ్యమే. అయితే తెల్లమచ్చ కనబడటానికి నిరోధకం కాకుండా వేరే కారణాలు చాలా ఉంటాయి కాబట్టి, పద్ధతితో పాటు ఆ కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చే ఏర్పాటు కూడా మొదటి ప్లేటు నుంచే ఉండాలి. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఉదాహరణకు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను తీసుకుందాం. నాడీకణాల మధ్య సంకేతాలను మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టేది ఇదే. అల్జీమర్స్ రోగులకు ఇచ్చే డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ మూడూ ఈ ఎంజైమ్‌ను అడ్డుకునే మందులే. వీటిలో గాలంటమిన్ మొదట స్నోడ్రాప్ వంటి అమరిల్లిడేసీ కుటుంబపు మొక్కల్లో దొరికిన ఆల్కలాయిడ్. 2001లో అమెరికాలో దానికి మందుగా అనుమతి వచ్చింది. పశ్చిమాఫ్రికాకు చెందిన కాలబార్ చిక్కుడు గింజల్లోని ఫైసోస్టిగ్మిన్ ఇంకా పాతది, రివాస్టిగ్మిన్ రూపకల్పనకు దాని నిర్మాణమే ఆధారం. మొక్కల్లో ఇలాంటివి ఇంకా ఉండవచ్చన్న ఆశతోనే ప్రపంచమంతటా ఈ వెతుకులాట సాగుతోంది.

ప్లేటు మీద జరిగేది ఏమిటి?

ఇక్కడ వివరించే పద్ధతిని 2002లో స్విట్జర్లాండ్‌లో ఆండ్రూ మార్స్టన్, కర్ట్ హోస్టెట్‌మాన్ బృందం ప్రచురించింది. ఎంజైమ్‌కు సహజమైన ఎసిటైల్‌కోలిన్‌కు బదులు 1-నాఫ్తైల్ ఎసిటేట్‌ను సబ్‌స్ట్రేట్‌గా (ఎంజైమ్ పనిచేసే పదార్థంగా) ఇస్తారు. ఎంజైమ్ దాన్ని విడగొట్టి 1-నాఫ్తాల్‌గా మారుస్తుంది. ఆ నాఫ్తాల్ ఫాస్ట్ బ్లూ బీ సాల్ట్ అనే డయజోనియం లవణంతో కలిసి ఊదారంగు అజో డైగా తయారవుతుంది. కాబట్టి ఎంజైమ్ పనిచేసినంత మేరా ప్లేటు ఊదారంగులోకి మారుతుంది, నిరోధకం ఉన్నచోట నాఫ్తాల్ పుట్టదు కాబట్టి రంగు రాదు.

దీనికి ఒక ఏడాది ముందు నెదర్లాండ్స్ పరిశోధకులు ఎల్‌మన్ పద్ధతిని ప్లేటు మీదికి తెచ్చారు. అందులో ఎసిటైల్‌థయోకోలిన్ అయొడైడ్, డీటీఎన్‌బీ అనే కారకం వాడతారు, పసుపు నేపథ్యం మీద తెల్లమచ్చలు కనబడతాయి. అది కూడా మంచి పద్ధతే. అయితే లేత పసుపు మీద తెలుపును చదవడం కష్టం, పావుగంటలో ఆ మచ్చలు మాసిపోతాయి. పైగా మొక్కల సారాల్లో సహజంగానే పసుపు పదార్థాలు ఎక్కువ. మొదటిసారి చేసేవారు ఊదారంగు పద్ధతితో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

కావలసినవి

అల్యూమినియం రేకు మీద పూసిన సిలికా జెల్ 60 ఎఫ్254 ప్లేట్లు తీసుకోండి, కత్తెరతో కావలసిన కొలతకు కత్తిరించుకోవచ్చు. ఎంజైమ్ ఎలక్ట్రిక్ ఈల్ అనే చేప నుంచి తీసిన పొడి రూపంలో దొరుకుతుంది. దాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర భద్రపరచాలి. వీటితో పాటు ట్రిస్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బోవైన్ సీరమ్ ఆల్బుమిన్, 1-నాఫ్తైల్ ఎసిటేట్, 1-నాఫ్తాల్, ఫాస్ట్ బ్లూ బీ సాల్ట్, ఇథనాల్, సన్నని తుంపర ఇచ్చే గాజు స్ప్రేయర్, 37 డిగ్రీల ఇంక్యుబేటర్ కావాలి. పోల్చి చూసుకోవడానికి స్టాండర్డ్‌గా గాలంటమిన్ హైడ్రోబ్రోమైడ్ తెప్పించుకోండి. ఫైసోస్టిగ్మిన్ ఇంకా సున్నితంగా స్పందిస్తుంది గానీ అది తీవ్రమైన విషం, విద్యార్థులు పనిచేసే చోట దాని అవసరం లేదు.

ఫాస్ట్ బ్లూ బీ సాల్ట్ విషయంలో మొదటే ఒక హెచ్చరిక. ఇది డయానిసిడిన్ నుంచి తయారయ్యే పదార్థం, డయానిసిడిన్‌ను క్యాన్సర్ కారకం కాగలదని వర్గీకరించారు. దీన్ని తూచేటప్పుడూ, ముఖ్యంగా తుంపరగా చల్లేటప్పుడూ ఫ్యూమ్ హుడ్, చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. ఫ్యూమ్ హుడ్ లేకపోతే స్ప్రే చేయకుండా, ద్రావణాన్ని వెడల్పాటి గాజు పళ్ళెంలో పోసి ప్లేటును ఒక్కసారి ముంచి తీయడం ఉత్తమం. మచ్చల అంచులు కొంచెం చెదురుతాయి, అంతే.

సారం తయారీ

మొక్క భాగాన్ని నీడలో ఆరబెట్టి పొడి చేయండి. 10 గ్రాముల పొడిని 100 మి.లీ. మిథనాల్‌లో ఒక రాత్రంతా, మధ్యమధ్యలో కలుపుతూ ఉంచి, వడగట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీలు మించకుండా ద్రావణిని తీసేయండి. మిగిలిన ముద్దను తూచి, మి.లీ.కు 10 మి.గ్రా. చొప్పున మిథనాల్‌లో కరిగించుకోండి. దీనిలో 10 మైక్రోలీటర్లు ప్లేటు మీద పెడితే 100 మైక్రోగ్రాముల సారం పెట్టినట్టు.

ఈ మోతాదు వెనుక చిన్న లెక్క ఉంది. గాలంటమిన్‌ను ఈ పద్ధతి 0.01 మైక్రోగ్రాము వరకు గుర్తించగలదని మార్స్టన్ బృందం నమోదు చేసింది. 100 మైక్రోగ్రాముల సారంలో గాలంటమిన్ అంత బలమైన పదార్థం 0.01 శాతం ఉన్నా, దాని బరువు సరిగ్గా 0.01 మైక్రోగ్రాము అవుతుంది, అంటే అంచు మీదైనా కనబడుతుంది. అంతకంటే బలహీనమైన నిరోధకాలను పట్టుకోవాలని సారాన్ని ఐదింతలు, పదింతలు పెంచి పెట్టడం చాలామంది చేసే పని. అప్పుడు పదార్థాలు ఒకదానిపై ఒకటి ఎక్కి సరిగా విడిపోవు. పైగా ఏ పదార్థమైనా అంత ఎక్కువ మోతాదులో ఎంజైమ్‌కు ఎంతో కొంత అడ్డు తగులుతుంది. అలా వచ్చిన మచ్చకు విలువ తక్కువ.

ఆకులతో పనిచేసేటప్పుడు పచ్చదనం, మైనం పెద్ద బెడద. అవి ఉన్నచోట ప్లేటు నీటిని పట్టదు, ఎంజైమ్ ద్రావణం సిలికాలోకి ఇంకకుండా పైన ముత్యాల్లా నిలుస్తుంది, చివరికి అక్కడ రంగు రాదు. కాబట్టి మిథనాల్‌కు ముందే పొడిని హెక్సేన్‌తో ఒకటి రెండు సార్లు కడిగేయండి. ఆ హెక్సేన్‌ను పారేయకుండా ఆరబెట్టి విడిగా దాచుకుంటే, కొవ్వు పదార్థాల భాగాన్ని వేరే ప్లేటు మీద తక్కువ మోతాదులో చూడవచ్చు. కరక్కాయ, తుమ్మబెరడు వంటి టానిన్లు దండిగా ఉన్న పదార్థాలైతే మరో జాగ్రత్త కావాలి. టానిన్లు ఏ ప్రోటీన్‌నైనా పట్టుకుని ముద్ద చేసేస్తాయి గనుక వాటి నిరోధానికి ప్రత్యేకత ఉండదు. సారాన్ని పాలీవినైల్ పాలీపైరోలిడోన్ పొడితో కలిపి వడగడితే వాటిలో ఎక్కువ భాగం పోతుంది.

మొదటి అభ్యాసానికి మానుపసుపు మంచి ఎంపిక. పచారీ, ఆయుర్వేద మూలికల దుకాణాల్లో దొరికే ఆ పసుపుపచ్చని కాండపు ముక్కల్లో బెర్బెరిన్ ఉంటుంది, అది ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌కు నిజమైన నిరోధకమని తెలిసినదే. బెర్బెరిన్ మామూలు వెలుగులో పసుపుగా, 366 నానోమీటర్ల యూవీ కింద ప్రకాశవంతమైన పసుపుగా మెరుస్తుంది. ఎక్కడుందో ముందే కంటికి కనబడే నిరోధకం కాబట్టి మీ ఎంజైమ్, మీ చేయి రెండూ సరిగా పనిచేస్తున్నాయో లేదో దీనితో తేలిపోతుంది.

ప్లేటును నడపడం

10×10 సెం.మీ. ప్లేటును ముందుగా మిథనాల్‌లో ఖాళీగా పై అంచు వరకు నడిపి, 110 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చండి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో వానాకాలం గాలిలోని తేమను సిలికా ఇట్టే పీల్చేస్తుంది, దాంతో ఆర్ఎఫ్ విలువలు (ద్రావణి ఎక్కిన దూరంలో పదార్థం ఎన్నో వంతు ఎక్కిందో చెప్పే అంకెలు) ఒకరోజుకూ మరోరోజుకూ పొంతన లేకుండా పోతాయి. ఓవెన్ నుంచి తీసిన ప్లేటును వీలైనంత త్వరగా వాడుకోవడమే దీనికి మందు.

కింది అంచు నుంచి 1.5 సెం.మీ. ఎత్తులో మెత్తని పెన్సిల్‌తో గీత గీసి, సెంటీమీటరు ఎడంలో సారాలను పెట్టండి. 10 మైక్రోలీటర్లను ఒక్కసారే వదలకుండా, ఒకటి రెండు మైక్రోలీటర్ల చొప్పున ఆరుతూ ఉండగా పెడితే చుక్క 3–4 మి.మీ. దాటదు, చుక్కకు బదులు సన్నని పట్టీలా పెట్టగలిగితే ఇంకా మంచిది. గాలంటమిన్‌ను మి.లీ.కు 0.1 మి.గ్రా., 0.01 మి.గ్రా. చొప్పున రెండు ద్రావణాలుగా చేసి, ఒక్కొక్క మైక్రోలీటరు పెట్టండి. అవి 0.1, 0.01 మైక్రోగ్రాములు. రెండో చుక్క కనబడిన ప్లేటునే లెక్కలోకి తీసుకోవాలి. సారం ఏమీ లేకుండా ఉత్త మిథనాల్ 10 మైక్రోలీటర్లు కూడా ఒకచోట పెట్టడం మరవకండి.

ద్రావణి మిశ్రమం ఎంపిక సారాన్ని బట్టి ఉంటుంది. ఆల్కలాయిడ్ల కోసం క్లోరోఫామ్, మిథనాల్ 9:1 నిష్పత్తిలో, కొన్ని చుక్కల అమోనియాతో. గ్లైకోసైడ్ల కోసం ఇథైల్ ఎసిటేట్, మిథనాల్, నీరు 100:13.5:10 నిష్పత్తిలో, అంతగా ధ్రువత లేని వాటి కోసం హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ 7:3 నిష్పత్తిలో మొదలుపెట్టి, ఫలితాన్ని చూసి సవరించుకోండి. ఆమ్లం కలిపిన మిశ్రమాలను వీలైనంత వరకు మానండి. ఫ్లేవనాయిడ్ల పుస్తకాల్లో కనిపించే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాలు సిలికాను వదలవు, ఆ అవశేషం ఎంజైమ్‌ను దెబ్బతీస్తుంది. అమోనియా కూడా పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాల్సిందే గానీ అది తేలిగ్గా ఎగిరిపోతుంది.

ఛాంబర్‌లో వడపోత కాగితం నిలబెట్టి, మూతపెట్టి ఇరవై నిమిషాలు ఆవిరి నిండనిచ్చి, ఆ తర్వాత ప్లేటు పెట్టండి. ద్రావణి 8 సెం.మీ. ఎక్కగానే తీసి, ముందు చల్లని గాలితో, తర్వాత గోరువెచ్చని గాలితో ఆరబెట్టండి. వాసన పోయిందంటే ఆరిందని అర్థం కాదు. ఫ్యూమ్ హుడ్‌లో కనీసం గంటసేపు వదిలేయండి. ఇదే సారాలతో మొత్తం నాలుగు ప్లేట్లు ఒకేసారి నడపాలి. నాలుగు ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఆరిన ప్లేట్లను 254, 366 నానోమీటర్ల యూవీ కింద చూసి, కనబడిన ప్రతి మచ్చ చుట్టూ పెన్సిల్‌తో పలుచగా గీసి, రంగు రాసుకుని ఫోటో తీసుకోండి. రంగు చల్లిన తర్వాత ఈ సమాచారం తిరిగి దొరకదు.

ఎంజైమ్ చల్లడం

0.05 మోలార్ ట్రిస్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కోసం 1.51 గ్రాముల ట్రిస్‌ను 200 మి.లీ. నీటిలో కరిగించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 7.8కి తెచ్చి, 250 మి.లీ.కు పూర్తిచేయండి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ట్రిస్ పీహెచ్ సుమారు 0.03 తగ్గుతుంది కాబట్టి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని బఫర్‌ను మీటరు కింద పెట్టి సరిచేయకండి. గది ఉష్ణోగ్రతకు వచ్చాకే చూడండి.

మూల పద్ధతిలో 1000 యూనిట్ల ఎంజైమ్‌ను 150 మి.లీ. బఫర్‌లో కరిగించి, అది నిలకడగా ఉండటానికి 150 మి.గ్రా. ఆల్బుమిన్ కలుపుతారు. చిన్న ప్రయోగశాలకు అందులో పదో వంతు చాలు: 100 యూనిట్లు, 15 మి.లీ. బఫర్, 15 మి.గ్రా. ఆల్బుమిన్. కలిపేటప్పుడు నురగ రానివ్వకండి, మంచు మీద ఉంచండి. ఆల్బుమిన్ ఖరీదు చూసి దాన్ని మానేస్తే, ఎంజైమ్ సిలికా మీద త్వరగా చచ్చిపోయి ప్లేటంతా పాలిపోయి ఉంటుంది.

ప్లేటును అడ్డంగా, నిలువుగా రెండు దిశల్లో సమంగా స్ప్రే చేయండి. ఎంత చల్లాలో చెప్పడానికి మి.లీ.ల లెక్క కంటే కంటి గుర్తే నమ్మకమైనది. పొడిగా తెల్లగా ఉన్న సిలికా మొదట కొంచెం మసకబారుతుంది, తర్వాత అంతటా ఒకే రకమైన తడి మెరుపు వస్తుంది. ఆ మెరుపు రాగానే ఆపాలి. ఇంకొక్క వరుస చల్లితే నీరు కదిలి, ధ్రువత ఎక్కువున్న పదార్థాలు తమ చోటు వదిలి జారుతాయి. ఆ తర్వాత చల్లని గాలితో ఆరనివ్వండి. ఇక్కడ వేడి గాలి వాడకూడదు.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున కొద్దిగా నీరు పోసి, సీసా మూతలు నాలుగు బోర్లించి, వాటిమీద ప్లేటును నీరు తగలకుండా పడుకోబెట్టి, మూతపెట్టి 37 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచండి. డబ్బాను ముందే ఇంక్యుబేటర్‌లో పెట్టి వేడెక్కనివ్వాలి. లేకపోతే చల్లని మూత నుంచి రాలిన నీటిబొట్టు ప్లేటు మీద గుండ్రని తెల్లమచ్చను మిగులుస్తుంది, చూడటానికి అది అచ్చం నిరోధకంలాగే ఉంటుంది.

రంగు తెప్పించడం

ప్లేటు ఇంక్యుబేటర్‌లో ఉన్న సమయంలోనే, అంటే వాడటానికి కొద్ది నిమిషాల ముందు, 25 మి.గ్రా. 1-నాఫ్తైల్ ఎసిటేట్‌ను 10 మి.లీ. ఇథనాల్‌లోనూ, 40 మి.గ్రా. ఫాస్ట్ బ్లూ బీ సాల్ట్‌ను 16 మి.లీ. స్వేదనజలంలోనూ విడివిడిగా కరిగించండి. ఇవి నిలవ ఉంచితే పాడవుతాయి. ఒక ప్లేటుకు మొదటిది 2 మి.లీ., రెండవది 8 మి.లీ. కలిపి వెంటనే చల్లండి. ఒకటి రెండు నిమిషాల్లో ప్లేటు ఊదారంగులోకి మారుతుంది. గాలంటమిన్ చుక్కలు అంచులు తీరిన తెల్లని గుండ్రాలుగా తేలతాయి. మానుపసుపు వరుసలో బెర్బెరిన్ ఉన్న చోట ఊదా నడుమ పసుపు అలాగే మిగులుతుంది. నేపథ్యం ముదిరి తెల్లమచ్చలను కప్పేయక ముందే, రంగు నిండుగా వచ్చిన వెంటనే స్కాన్ చేయండి లేదా ఒకే దీపం కింద, ఒకే దూరం నుంచి ఫోటో తీయండి.

ప్లేటంతా లేతగా వస్తే ఎంజైమ్ బలహీనపడిందనో, ద్రావణి అవశేషం మిగిలిందనో అర్థం. మిథనాల్ మాత్రమే పెట్టిన చోట కూడా తెలుపు కనబడితే ఆ ప్లేటును పక్కన పెట్టేయండి.

తెల్లమచ్చ నిజమైనదేనా?

ఇప్పుడు మిగిలిన మూడు ప్లేట్ల వంతు. సారంలోని పదార్థం ఎంజైమ్ జోలికి పోకుండా, నాఫ్తాల్‌కూ ఫాస్ట్ బ్లూకూ జరిగే కలయికను అడ్డుకున్నా తెల్లమచ్చే వస్తుంది. ఆల్డిహైడ్లు, అమైన్లు ఎక్కువ మోతాదులో ఉన్నప్పుడు ఇలా జరగవచ్చు. దీన్ని తేల్చడానికి రెండో ప్లేటు మీద ఎంజైమ్ చల్లడం, ఇంక్యుబేటర్‌లో ఉంచడం అంతా మామూలుగానే చేసి, చివర్లో నాఫ్తైల్ ఎసిటేట్‌కు బదులు నాఫ్తాల్‌నే చల్లాలి. నాఫ్తాల్ ముందే తయారుగా ఉంది కాబట్టి ఎంజైమ్‌తో పని లేకుండానే ప్లేటంతా రంగెక్కాలి. మొదటి ప్లేటులో తెల్లగా ఉన్న చోటు ఇక్కడ కూడా తెల్లగానే ఉంటే అది దొంగమచ్చ. ఇక్కడ ఊదాగా మారితే మీ పదార్థం ఎంజైమ్‌నే అడ్డుకుందన్న మాట.

ఈ ప్లేటు చేసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. నాఫ్తాల్‌ను, ఫాస్ట్ బ్లూను సీసాలోనే కలిపితే రంగు సీసాలోనే పుట్టేస్తుంది. ముందు నాఫ్తాల్‌ను ఇథనాల్‌లో చల్లి, ఇథనాల్ ఆరాక ఫాస్ట్ బ్లూ చల్లాలి. రెండోది గాఢత. ఎంజైమ్ రెండు నిమిషాల్లో తయారుచేసే నాఫ్తాల్ కొద్దిదే. మీరు దండిగా నాఫ్తాల్ పోస్తే చిన్నపాటి ఆటంకాలన్నీ ఆ వరదలో కొట్టుకుపోయి, దొంగమచ్చ కూడా ఊదాగా మారి నిజమైనదిలా కనబడుతుంది. అందుకే ప్లేటు ముక్కల మీద మూడు నాలుగు గాఢతలు ప్రయత్నించి, నేపథ్యం మొదటి ప్లేటు రంగుతో సమానంగా వచ్చే గాఢతను ఎంచుకోండి.

మూడో ప్లేటు మీద ఎంజైమ్‌కు బదులు, ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చిన ఎంజైమ్ ద్రావణం చల్లి, మిగతా అంతా యథాతథంగా చేయండి. ఇక్కడ నేపథ్యం రంగెక్కకూడదు. రంగెక్కితే మీ నాఫ్తైల్ ఎసిటేట్ నిలవలో విడిపోయిందని తెలుసుకోవచ్చు. ఈ ప్లేటు మీద అక్కడక్కడా నారింజ, ఎరుపు, గోధుమ రంగు మచ్చలు కనబడితే అవి సారంలోని ఫినాల్ పదార్థాలు ఫాస్ట్ బ్లూతో నేరుగా కలవడం వల్ల వచ్చినవి. ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో గంజాయిని గుర్తించడానికి ఇదే ఫాస్ట్ బ్లూ బీని వాడేది కూడా ఈ గుణం ఆధారంగానే. అలాంటి మచ్చల కింద నిరోధకం దాగి ఉన్నా ఈ పద్ధతిలో కనబడదు. ఆ ఆర్ఎఫ్ దగ్గర నిరోధకం లేదని రాయకుండా, తేల్చలేకపోయామని రాయాలి.

నాలుగో ప్లేటు రసాయన గుర్తింపుకు. డ్రాగెన్‌డార్ఫ్ కారకం చల్లితే ఆల్కలాయిడ్లు నారింజ రంగులో కనబడతాయి. తెల్లమచ్చ, నారింజ మచ్చ ఒకే ఆర్ఎఫ్ దగ్గర పడితే వెతకాల్సిన దారి ఇరుకవుతుంది. అక్కడ ఏమీ కనబడకపోతే ప్లేటును సగానికి కత్తిరించి ఉంచుకున్న రెండో ముక్క మీద అనిసాల్డిహైడ్, గంధకామ్లం చల్లి వేడిచేసి, టెర్పీన్ల వంటివి ఉన్నాయేమో చూడండి.

పురుగుమందుల సంగతి

ఈ నాలుగు ప్లేట్లూ పట్టుకోలేని మాయ ఒకటుంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ జాతుల పురుగుమందులు పురుగులను చంపేదే ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను అడ్డుకోవడం ద్వారా. నిజానికి ఆహారంలో ఈ మందుల అవశేషాలను కనిపెట్టడానికి 1960ల నుంచే టీఎల్‌సీ మీద ఈ ఎంజైమ్ పరీక్షను వాడుతున్నారు. కాబట్టి మిరప, పత్తి, కూరగాయల చేల గట్ల మీద పెరిగిన మూలికను తెచ్చి పరీక్షిస్తే, వచ్చిన తెల్లమచ్చ పక్క చేనులో వాడిన మోనోక్రోటోఫాస్‌దో, కార్బోఫ్యూరాన్‌దో కావచ్చు. అది అన్ని నియంత్రణ ప్లేట్లనూ దర్జాగా దాటుతుంది, ఎందుకంటే అది నిజమైన నిరోధకమే. మొక్కది మాత్రం కాదు. క్లోర్‌పైరిఫాస్ వంటి గంధకం ఉన్న మందులు స్వయంగా బలహీనమైన నిరోధకాలే అయినా, గాలికీ వెలుగుకూ ఆక్సీకరణం చెందిన వాటి ఆక్సాన్ రూపాలు ఎంజైమ్‌ను గట్టిగా పట్టుకుంటాయి.

అందుకని బజారులో కొన్న మూలిక మీద వచ్చిన ఫలితాన్ని ఎప్పుడూ తాత్కాలికంగానే తీసుకోండి. మందులు కొట్టని చోట, వీలైతే మీ కళాశాల ఔషధ వనంలో పెరిగిన అదే మొక్కను పక్కపక్కనే నడపండి. రెండు వేర్వేరు ప్రాంతాల నమూనాల్లో ఒకే ఆర్ఎఫ్ దగ్గర, ఇంచుమించు ఒకే పరిమాణంలో మచ్చ వస్తే మొక్కదనే నమ్మకం పెరుగుతుంది. ఒక్క నమూనాలోనే వచ్చి, పైగా పొడి చేయకుండా ఆకు పైభాగాన్ని ద్రావణితో త్వరగా కడగగా వచ్చిన ద్రవంలోనే అది ఎక్కువగా ఉంటే పురుగుమందును అనుమానించాలి. బొద్దింకల మందు చల్లిన గదిలో మూలికలు ఆరబెట్టకూడదన్న జాగ్రత్త కూడా ఇందులో భాగమే.

తర్వాత ఏం చేయాలి?

పరీక్షలు తట్టుకున్న మచ్చ దొరికాక, సారాన్ని 100, 50, 25, 10, 5 మైక్రోగ్రాముల చొప్పున తగ్గిస్తూ మరో ప్లేటు చేయండి. 5 మైక్రోగ్రాముల దగ్గర కూడా నిలిచిన మచ్చను ముందుగా వెంబడించాలి. ఆ తర్వాత ఎంజైమ్ చల్లని తాజా ప్లేటు మీద సారాన్ని పొడవైన పట్టీగా నడిపి, యూవీ కింద గుర్తుపెట్టి, ఆ భాగపు సిలికాను గీకి, మిథనాల్‌తో కడిగి, వడగట్టి ఆరబెట్టండి. వచ్చిన దాన్ని 96 గుంతల ప్లేటులో ఎల్‌మన్ పద్ధతితో, 412 నానోమీటర్ల దగ్గర కొలిస్తే సగం నిరోధానికి ఎంత గాఢత కావాలో అంకె వస్తుంది. టీఎల్‌సీ మచ్చ వెడల్పును చూసి బలాన్ని లెక్కగట్టడం కుదరదు. మచ్చ పరిమాణం ఆ పదార్థం ఎంత ఉంది, ఎంత విస్తరించింది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

ఇదే చట్రంలో వేరే ఎంజైమ్‌లను కూడా పరీక్షించవచ్చు. మధుమేహానికి సంబంధించిన ఆల్ఫా-గ్లూకోసిడేజ్‌కు 2-నాఫ్తైల్ ఆల్ఫా-డీ-గ్లూకోపైరనోసైడ్ ఇస్తే నాఫ్తాల్ విడుదలై అదే ఫాస్ట్ బ్లూతో రంగు వస్తుంది, నియంత్రణ ప్లేట్ల తర్కం కూడా అదే. అయితే ఈస్ట్ నుంచి తీసిన ఆల్ఫా-గ్లూకోసిడేజ్ వాడితే, మందుగా వాడే అకార్బోస్‌కు అది బలహీనంగానే స్పందిస్తుంది. స్టాండర్డ్ మచ్చ రాలేదని కంగారు పడి ఎంజైమ్‌ను మార్చేయకండి. టైరోసినేజ్‌కు ఎల్-డోపా ఇస్తే గోధుమ నేపథ్యం మీద తెల్లమచ్చలు వస్తాయి.

ప్రతి ప్లేటు వెనుక పెన్సిల్‌తో తేదీ, సారం పేరు, మొక్క సేకరించిన చోటు, ద్రావణి మిశ్రమం, ఎంజైమ్ లాట్ నంబరు రాసి, స్కాన్ చేసిన చిత్రానికి అదే పేరు పెట్టండి. రంగు పట్టిన ప్లేట్లను, మిగిలిన ఫాస్ట్ బ్లూ ద్రావణాన్ని సింకులో పోయకుండా, మామూలు చెత్తలో వేయకుండా, క్లోరోఫామ్ వ్యర్థాలకు వేరుగా మూతబిగిసే సీసాల్లో దాచి ప్రమాదకర వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించండి.